విశాఖ కొండవాలులకు జీఐఎస్‌తో కొండచరియల పటం: మట్టి జారిన చోట్లు పసుపులో, జారని కొండలు ఎరుపులో వస్తున్నాయి

ప్రశ్న: సీతకొండ

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో భూగర్భశాస్త్రంలో పీజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నగరంలోని కొండవాలు ప్రాంతాలనూ, అనంతగిరి ఘాట్ రోడ్డునూ కలిపి, కొండచరియలు విరిగిపడే అవకాశం ఎక్కడ ఎంత ఉందో చూపే పటాన్ని క్యూజీఐఎస్ అనే జీఐఎస్ (కంప్యూటర్ పటాల) సాఫ్ట్‌వేర్‌లో తయారుచేయడం నా ప్రాజెక్టు.

వాలు, వాలు తిరిగిన దిక్కు, నేల వంపు, శిలారకం, పగుళ్ల రేఖల నుంచి దూరం, వాగుల నుంచి దూరం, భూవినియోగం, వర్షపాతం అనే ఎనిమిది పొరలు (ఒక్కో అంశానికి ఒక్కో పటం) తీసుకున్నాను. ఎత్తుల కోసం మొదట అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచిన ఎస్‌ఆర్‌టీఎం 30 మీటర్ల డెమ్ (నేల ఎత్తులను గడులుగా చూపే ఫైలు) వాడాను. తరువాత ఆలోస్ పాల్సార్ పేరుతో దొరికే 12.5 మీటర్ల డెమ్ మరింత సూక్ష్మంగా ఉంటుందని ఎవరో చెబితే దానికి మారాను. వర్షపాతానికి వాతావరణ శాఖ వారి 0.25 డిగ్రీల గడుల దత్తాంశాన్ని వాడాను. పొరల వెయిటేజీలను హిమాలయాలపై వచ్చిన పరిశోధన పత్రాల ఆధారంగా ఏహెచ్‌పీ పద్ధతిలో జంటజంటగా పోల్చి నిర్ణయించాను. ఆ పోలికలు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయో లేదో చెప్పే కన్సిస్టెన్సీ నిష్పత్తి 0.1 కంటే తక్కువే వచ్చింది, అంటే పొసిగినట్టే. పత్రికా వార్తల నుంచీ, స్వయంగా తిరిగి చూసిన చోట్ల నుంచీ అరవైకి పైగా జారిన బిందువులను సేకరించి, జారని బిందువులను అదే సంఖ్యలో అధ్యయన ప్రాంతమంతటి నుంచి యాదృచ్ఛికంగా తీసుకుని పరీక్షిస్తే, రెండింటినీ పటం ఎంత బాగా వేరుచేస్తుందో చెప్పే ఏయూసీ విలువ (1 అయితే సంపూర్ణం) 0.9 దాటింది.

అంకెలు ఇంత బాగున్నా పటం మాత్రం నేలతో సరిపోలడం లేదు. కైలాసగిరి, యారాడ కొండల్లో చెట్లతో నిండిన నిటారు వాలులన్నీ ముదురు ఎరుపులో, అంటే జారే అవకాశం చాలా ఎక్కువన్నట్టు వస్తున్నాయి. అక్కడ చరియలు పడ్డట్టు నేను అడిగిన పెద్దవాళ్లెవరికీ గుర్తు లేదు. వానాకాలంలో ఇళ్ల వెనక మట్టి జారిందని నేనే వెళ్లి చూసిన ఆరిలోవ, కంచరపాలెం వైపు వాలులేమో పసుపులోనో (మధ్యస్థం), ఒక్కోసారి ఆకుపచ్చలోనో (తక్కువ) ఉంటున్నాయి. పటం చూసిన మా గైడ్ గారు, దీన్ని పట్టుకుని కొండ ఎక్కితే దారి తప్పుతామని ఒక్క మాట అని ఊరుకున్నారు. పద్ధతి మార్చి ర్యాండమ్ ఫారెస్ట్ అనే మెషీన్ లెర్నింగ్ అల్గోరిథం వాడితే ఇది సరిపోతుందా, లేక లోపం వేరేచోట ఉందా అన్నది చెప్పగలరు.

సమాధానం 1: పటాలపెట్టె

సీతకొండ గారూ, ర్యాండమ్ ఫారెస్ట్‌కు మారితే మీ ఏయూసీ 0.95 అవుతుంది, పటం మాత్రం ఇలాగే ఉంటుంది. మీ లోపం పద్ధతిలో కాదు, దానికి అందిస్తున్న సరుకులో ఉంది.

మొదట డెమ్ సంగతి చూద్దాం. ఆలోస్ పాల్సార్ రాడార్ చిత్రాలతోపాటు వచ్చే ఆ 12.5 మీటర్ల ఎత్తుల ఫైలు ఆ ఉపగ్రహం కొలిచినది కాదు. రాడార్ చిత్రాలను సరిదిద్దడానికి వాడిన ఎత్తులనే వెంట జతచేసి ఇస్తారు, మన ప్రాంతానికి అది ఎస్‌ఆర్‌టీఎం 30 మీటర్ల డెమ్‌నే చిన్న గడులుగా కోసినది. పిక్సెల్ చిన్నదయింది కానీ అందులో కొత్త సమాచారం ఒక్క రవ్వంత కూడా చేరలేదు. పైగా అందులోని ఎత్తులు సముద్రమట్టం నుంచి కాక, భూమికి లెక్కల్లో ఊహించిన నున్నని రూపం (ఎలిప్సాయిడ్) నుంచి లెక్కించినవి. వాలు లెక్కకు దాంతో ఇబ్బంది లేకపోయినా, వాటిని వేరే డెమ్‌తో కలిపితే మాత్రం తేడాలొస్తాయి.

ఇక ఆ ఎస్‌ఆర్‌టీఎం కొలత 2000 ఫిబ్రవరిలో, పదకొండు రోజుల్లో జరిగింది. ఆ తరువాత విశాఖ కొండల మీద ఎన్ని ఇళ్లు లేచాయో, ఎన్ని కోతలు పడ్డాయో మీకు తెలుసు. అంటే మీరు వెతుకుతున్న కోతల్లో చాలావాటికి పుట్టకముందు తీసిన ఫొటో మీ చేతిలో ఉంది. కోపర్నికస్ 30 మీటర్ల డెమ్ 2010 చివరి నుంచి 2015 మొదటి వరకు తీసిన రాడార్ కొలతల మీద ఆధారపడింది కనుక కొంత నయం, కానీ అది నేల ఎత్తును కాక చెట్ల తలల, ఇళ్ల కప్పుల ఎత్తును చూపుతుందని గుర్తుంచుకోండి.

అసలు చిక్కు ఇంతకంటే లోతైనది. 30 మీటర్ల డెమ్‌లో వాలును లెక్కించేటప్పుడు సాఫ్ట్‌వేర్ మధ్య పిక్సెల్‌కు అటూ ఇటూ ఉన్న పిక్సెళ్ల మధ్య, అంటే సుమారు 60 మీటర్ల దూరంలో వచ్చే ఎత్తు తేడాను చూస్తుంది. కొండవాలులో ఇల్లు కట్టేవారు వెనకవైపు నాలుగైదు మీటర్లు నిలువుగా కోసి, ఆ మట్టినే ముందుకు పరిచి చదును చేస్తారు. కింది నుంచి పైకి మొత్తం ఎత్తు మారలేదు కనుక ఆ 60 మీటర్ల సగటు వాలు కోతకు ముందూ తరువాతా దాదాపు ఒక్కటే. 20 డిగ్రీల వాలు మీద 80 డిగ్రీల మట్టిగోడ నిలబడినా మీ పటానికి అది 20 డిగ్రీలే. అందుకే అక్కడ పసుపు వస్తోంది. ఇది ఏ అల్గోరిథమూ తీర్చగలిగే లోటు కాదు.

మీ ఏయూసీ ఎందుకంత బాగా వచ్చిందో కూడా చెబుతాను. మీ జారని బిందువుల్లో ఎక్కువ భాగం గాజువాక, మధురవాడ వంటి చోట్ల చదును నేల మీద పడి ఉంటాయి. అప్పుడు మీ నమూనాకు ఎదురైన ప్రశ్న ఏది కొండ, ఏది మైదానం అన్నది మాత్రమే, దానికి చిన్నపిల్లలైనా 90 శాతం సరిగ్గా జవాబు చెబుతారు. పది డిగ్రీలకు తక్కువ వాలున్న నేలనంతా ముందే తీసేసి, జారని బిందువులను కూడా కొండవాలుల మీదే తీసుకుని మళ్లీ పరీక్షించండి. బిందువులను 70, 30 శాతాలుగా కలగాపులగంగా విడగొట్టకుండా, ఒక కొండను మొత్తంగా పక్కనపెట్టి మిగతా కొండలతో నేర్పించి, పక్కనపెట్టిన దాని మీద పరీక్షించండి. విలువ తప్పకుండా కిందికి దిగుతుంది. దిగిన ఆ విలువే మీ అసలు మార్కు.

వర్షపాతం పొరను తీసేయమని నా సలహా. 0.25 డిగ్రీలంటే సుమారు 27 కిలోమీటర్లు. నగరమంతా ఒకటి రెండు గడుల్లోనే ఇమిడిపోతుంది కనుక ఒక వాలుకూ పక్క వాలుకూ తేడా అది చెప్పలేదు, పైగా రెండు గడులు కలిసే చోట పటం మీద అడ్డంగా ఒక అబద్ధపు గీత గీస్తుంది. వాన అన్నది కొండ ఎప్పుడు జారుతుందన్న ప్రశ్నకు సంబంధించినది, మీ పటం మాత్రం కొండ ఎక్కడ జారుతుందని అడుగుతోంది. కొండచరియల ముప్పు మండలాలకు భారతీయ ప్రమాణాల సంస్థ 1998లో ఇచ్చిన ఐఎస్ 14496 రెండో భాగంలో కూడా శిలారకం, శిలా నిర్మాణం, వాలు, సాపేక్ష ఎత్తు, భూవినియోగం, భూజల స్థితి అన్న ఆరింటికే కలిపి పది మార్కులు పంచారు, వానను బయటి కారణంగా పక్కనపెట్టారు.

ఇంకో చిన్నమాట. ఫైళ్లన్నింటినీ దూరాలను మీటర్లలో చూపే యూటీఎం 44 ఉత్తర మండలంలోకి మార్చిన తరువాతే వాలు తీశారా? అక్షాంశ రేఖాంశాల్లోనే ఉంచి తీస్తే దూరం డిగ్రీల్లో, ఎత్తు మీటర్లలో ఉండి కొండలన్నీ దాదాపు 90 డిగ్రీలు చూపిస్తాయి. అడగక్కర్లేదేమో కానీ, ఈ తప్పు నేను కూడా చేశాను.

సమాధానం 2: రాతిసుత్తి

పై సమాధానంతో నాకు పేచీ లేదు. కానీ వెయిటేజీలను హిమాలయాల నుంచి తెచ్చుకున్నానని ప్రశ్నలో చదివి ఆగిపోయాను. అవి ఇంకా పైకి లేస్తున్న యువ పర్వతాలు, అక్కడ భూకంపాలూ, చురుకైన భ్రంశరేఖలూ, మంచూ ఉన్నాయి. మన తూర్పు కనుమలు ఎంతో పురాతనమైనవి, ఇక్కడ కొండను బలహీనపరిచేది ప్రధానంగా రాతి శైథిల్యం, అంటే రాయి ఎండకూ నీటికీ క్రమంగా కుళ్లిపోవడం. కనుక అక్కడి వెయిటేజీలను ఇక్కడ వాడితే వాలుకూ, పగుళ్ల రేఖలకూ అనవసరమైన ప్రాధాన్యం వస్తుంది.

మీ శిలారకం పొరలో నగరం కొండలన్నీ ఖోండలైట్ అనే శిలగా ఒకే రంగులో ఉండి ఉంటాయి. జియాలజికల్ సర్వే వారి భూకోశ్ పోర్టల్ నుంచి దిగుమతి చేసుకుంటే అలాగే వస్తుంది. ఖోండలైట్‌లో గార్నెట్, సిల్లిమనైట్, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, కొంత గ్రాఫైట్ ఉంటాయి. ఫెల్డ్‌స్పార్ నీటికి కుళ్లి తెల్లని సుద్దలా, అంటే కేయోలిన్ బంకమట్టిగా మారుతుంది. గార్నెట్‌లోని ఇనుము తుప్పు పట్టి మట్టిని ఎర్రబారుస్తుంది. రాతి పొరల గీతలు యథాతథంగా కనిపిస్తుంటాయి కనుక చూసేవారికి రాయిలా ఉంటుంది, గోరుతో గీకితే రాలుతుంది. పొడిగా ఉన్నన్నాళ్లు అది నిలువుగా నిలబడి కోసినవారికి ధైర్యం చెబుతుంది, నీరు దిగాక ఒక్కసారిగా కూలుతుంది. ఒకే ఖోండలైట్‌లో తాజా రాయికీ, ఇలా కుళ్లిన రాయికీ మధ్య ఉన్న తేడా, రెండు వేర్వేరు శిలల మధ్య ఉండే తేడా కంటే ఎక్కువ. అందువల్ల శిలారకం కంటే శైథిల్యపు మందం మీకు అవసరం. దానికి సిద్ధంగా పటం దొరకదు. పాత క్వారీ ముఖాలు, రోడ్డు కోతలు, బావులు కనిపించిన ప్రతిచోటా ఆగి కొలిచి రాసుకోవాల్సిందే.

చార్నొకైట్ అనే గట్టి శిల ఉన్న చోట కథ వేరు. అది కీళ్ల (రాతిలోని సహజమైన పగుళ్ల) వెంట ఉల్లిపొరల్లా విడిపోయి, గుండ్రని బండలు మట్టిలో ఇరుక్కుని మిగులుతాయి. చుట్టూ మట్టి కొట్టుకుపోతే బండ దొర్లుతుంది. మట్టి జారడానికీ, బండ దొర్లడానికీ కారణాలూ వేరు, అవి ప్రయాణించే దూరాలూ వేరు. మీ అరవై బిందువుల్లో రెండింటినీ ఒకే గంపలో వేసి ఉంటే నమూనాకు ఏమీ అర్థం కాదు, విడదీయండి. ఎర్రమట్టి దిబ్బల్లో గట్లు కూలిన బిందువులు కూడా జాబితాలో ఉంటే వాటిని పూర్తిగా తొలగించండి. అవి వాననీరు లోతైన చాళ్లు కోసుకుంటూ పోయే ఇసుక, మట్టి నిక్షేపాలు, వాటిని కొండచరియల లెక్కలో చేర్చకూడదు.

దిక్కు పొర గురించి కూడా ఒకమాట. వాలు ఉత్తరానికి తిరిగిందా, దక్షిణానికి తిరిగిందా అన్నదానికి మన దగ్గర స్వతంత్రంగా పెద్ద అర్థం లేదు. రాతి పొరలు ఎటు వాలి ఉన్నాయన్నదానితో పోల్చినప్పుడే దానికి అర్థం వస్తుంది. పొర వాలిన దిక్కూ, కొండ వాలిన దిక్కూ ఒకటై, పొర వాలు కొండ వాలు కంటే తక్కువగా ఉంటే ఆ పొరల అంచులు గాలిలోకి తెరుచుకుని ఉంటాయి, జారడానికి దారి సిద్ధంగా ఉన్నట్టే. గ్రాఫైట్ ఉన్న పొర అయితే నూనె రాసినట్టే ఉంటుంది. కాబట్టి కాంపస్‌తో, వాలు కోణం చెప్పే క్లైనోమీటర్‌తో కొలిచిన రాతి పొరల వాలును రాస్టర్‌గా (గడుల పటంగా) మార్చి, రెండు దిక్కుల మధ్య కోణాన్ని కొత్త పొరగా పెట్టండి.

సమాధానం 3: సీతకొండ

ఇద్దరికీ కృతజ్ఞతలు. వాలు లెక్క యూటీఎంలోకి మార్చాకే తీశాను. మొదటిసారి మాత్రం కైలాసగిరి 89 డిగ్రీలు చూపించగానే గుండె ఆగినంత పనైంది. చదును నేలను తీసేసి, ఒక కొండను పక్కనపెట్టి పరీక్షించాను. పటాలపెట్టె గారు అన్నట్టే విలువ బాగా పడిపోయింది, చూడగానే బాధ కలిగినా ఇప్పుడు నమ్మకంగా ఉంది. ఎర్రమట్టి దిబ్బల బిందువులు నిజంగానే ఉన్నాయి, తీసేశాను.

ఏహెచ్‌పీ మానేసి ఫ్రీక్వెన్సీ రేషియో (ఒక తరగతిలోని జారిన బిందువుల వాటాను దాని నేల వాటాతో భాగించే పద్ధతి) ప్రయత్నించాను. రోడ్డు నుంచి దూరం అన్న పొరను కొత్తగా కలిపితే, రోడ్డుకు దగ్గరి తరగతికి మిగతా అన్నింటికంటే ఎక్కువ విలువ వచ్చింది. దీన్ని నమ్మవచ్చా?

సమాధానం 4: పటాలపెట్టె

సగమే నమ్మండి. చదివేవారి కోసం లెక్క చెబుతాను. రోడ్డుకు 50 మీటర్లలోపు నేల మొత్తం విస్తీర్ణంలో 5 శాతమే ఉండి, జారిన బిందువుల్లో 40 శాతం అందులోనే పడ్డాయనుకోండి, అప్పుడు నిష్పత్తి 8. ఒకటి దాటిన ప్రతి తరగతికీ జారుడుతో సంబంధం ఉన్నట్టు లెక్క. కానీ మీ బిందువులు పత్రికల నుంచి వచ్చాయి. రోడ్డుకు అడ్డంగా పడితేనే, ఇంటి మీద పడితేనే వార్త అవుతుంది. అడవిలో పడిన చరియను ఎవరూ రాయరు. అంటే ఆ 8లో కొంత రోడ్డు కోతది, కొంత విలేకరిది. గూగుల్ ఎర్త్‌లో పాత తేదీల చిత్రాలను వానాకాలానికి ముందూ తరువాతా పోల్చి, అనంతగిరి అడవి వాలుల్లో కొత్తగా తేలిన ఎర్రని గీతలను వెతకండి. ఎన్ని దొరికితే మీ జాబితా అంత సమతూకంలోకి వస్తుంది.

సమాధానం 5: నాలుగోమలుపు

నేను ఘాట్ రోడ్ల నిర్వహణలో చాలా ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. జీఐఎస్ నాకు తెలియదు, ఆ విలువలో విలేకరి వాటా ఉందన్న మాట మాత్రం నాకు సగమే ఒప్పుదల. రోడ్డు కోత నిజంగానే కొండను చంపుతుంది అమ్మా. కొండ పాదాన్ని కోసిన రోజునే పైన ఉన్న మట్టికి ఆసరా పోతుంది, మిగిలిన పని నీరు చేస్తుంది.

పత్రికల కంటే మంచి జాబితా ఒకటి ఉంటుంది. వానల్లో రోడ్డు మీద పడిన మట్టిని ఎత్తించినప్పుడు తేదీ, కిలోమీటరు రాయి, ఎన్ని ఘనపు మీటర్లు ఎత్తారు అన్నవి బిల్లుల కోసం రాసి ఉంచుతారు. కాలేజీ నుంచి లెటరు తీసుకెళ్లి అడిగితే చూపిస్తారు. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం మీద కూడా వానాకాలపు గస్తీ ఉంటుంది, అక్కడా ఇలాంటి లెక్కలే ఉంటాయి. కిలోమీటరు రాయి నుంచి దూరం తెలిస్తే పటం మీద చుక్క పెట్టడం మీకు పెద్ద పని కాదనుకుంటాను. తేదీ దొరికితే ఆ రోజుకు ముందు ఎన్ని రోజులు, ఎంత వాన కురిసిందో కూడా చూడవచ్చు. ఘాట్‌లో నేను చూసినంతవరకు మొదటి రోజు కుండపోతకు పడినవాటికంటే, మూడు నాలుగు రోజుల ముసురు తరువాత వచ్చిన మామూలు వానకు పడినవే ఎక్కువ.

రెండోది నీటి దారి. వాగుల నుంచి దూరం అని ఒక పొర పెట్టారు, బాగుంది. కొండవాలు ఇళ్ల దగ్గర కొండను తడిపేది వాగు కాదు. పైవరస ఇళ్ల వాడకం నీరు, ఇంకుడు గుంత, కారే కుళాయి పైపు, కాలువ లేని సిమెంటు మెట్లదారి, ఇవే తడుపుతాయి. రక్షణ గోడ ఉంటే దానిలో నీరు బయటికి రావడానికి వదిలిన రంధ్రాలు తెరుచుకుని ఉన్నాయో, మట్టితో పూడిపోయాయో చూడండి. రంధ్రాలు పూడిన గోడ కంటే గోడ లేకపోవడమే ఒక్కోసారి మేలు, ఎందుకంటే గోడ ఉందన్న ధైర్యంతో దాని కిందే వంటగది కడతారు.

మూడోది హుద్‌హుద్ తుపాను. 2014 అక్టోబరు 12న ఒక్కరోజులో మన కొండల మీద చెట్లు ఎన్ని పోయాయో చూసినవాళ్లం. పడిపోయిన చెట్టు వేరు వెంటనే వదలదు, కొన్నేళ్లకు కుళ్లాక వదులుతుంది. మీ భూవినియోగం పొర ఏ సంవత్సరానిది?

సమాధానం 6: పటాలపెట్టె

హుద్‌హుద్ మాట చాలా విలువైనది. సెంటినెల్-2 ఉపగ్రహం 2015లో గానీ కక్ష్యలోకి వెళ్లలేదు కనుక ఆ తుపానుకు ముందు చిత్రాలు అందులో దొరకవు. ల్యాండ్‌శాట్-8 చిత్రాలు 2013 నుంచి ఉన్నాయి, 2014 వేసవికీ 2015 వేసవికీ పచ్చదనం సూచికను పోల్చి, తగ్గిన చోట్లను ఒక పొరగా పెట్టవచ్చు. ఒకే రుతువు చిత్రాలను పోల్చడం మరువకండి, లేకపోతే ఎండాకాలపు ఆకురాలును తుపాను నష్టంగా లెక్కిస్తారు.

వాన గురించి ఒక అంకె. ప్రపంచమంతటి ఘటనలను చూసి కెయిన్ అనే పరిశోధకుడు 1980లో ఇచ్చిన, చరియలు పడటం మొదలయ్యే వాన హద్దును చెప్పే సూత్రంలో 24 గంటల వానకు లెక్కిస్తే, గంటకు 4.3 మిల్లీమీటర్ల దగ్గర, అంటే రోజుకు సుమారు 103 మిల్లీమీటర్ల దగ్గర గీత పడుతుంది. తుపానుల కాలంలో విశాఖకు అది అరుదైన వాన కాదు, ఆ గీత దాటినప్పుడల్లా కొండలు జారడమూ లేదు. కాబట్టి నాలుగోమలుపు గారు చెప్పిన తేదీలతో, ముందురోజుల వానను కలిపి స్థానికంగా ఒక గీత గీసుకోవడమే మార్గం.

సమాధానం 7: మెట్లదారి

నేను శాస్త్రం చదివినవాడిని కాదు, కొండవాలులో ఇల్లున్నవాడిని. మీరు పటానికి ప్రమాద పటం అని పేరు పెడితే, దాన్ని చూసినవారు మా బస్తీ మొత్తానికి ఎర్రరంగు పూసి ఖాళీ చేయమంటారేమోనని భయంగా ఉంది. మా వీధిలో రాతి మీద కట్టిన ఇళ్లున్నాయి, మట్టిని కోసి కట్టినవీ ఉన్నాయి, రెండింటికీ మధ్య దూరం ఇరవై అడుగులు. మీ పటం ఆ తేడా చెప్పగలదా?

సమాధానం 8: రాతిసుత్తి

మెట్లదారి గారి అభ్యంతరం న్యాయమైనది. జియాలజికల్ సర్వే వారు జాతీయ కార్యక్రమం కింద చేసిన పటాల స్కేలు 1:50,000. ఆ స్కేలులో ఒక మిల్లీమీటరు నేల మీద 50 మీటర్లు. ఆయన వీధి మొత్తం పెన్సిల్ మొన కింద దాగిపోతుంది. ఎక్కడ వివరంగా చూడాలో తేల్చుకోవడానికి అలాంటి పటం పనికివస్తుంది, ఏ ఇల్లు ఉండాలో ఏది పోవాలో చెప్పడానికి పనికిరాదు.

పేరు విషయం కూడా సవరించుకోవాలి. సీతకొండ గారు చేసింది జారే అవకాశాన్ని చూపే పటం మాత్రమే. ఎంత కాలంలో, ఎంత పరిమాణంలో జారుతుందన్నది కలిస్తే అది ముప్పు పటం. దాని కింద ఎవరున్నారు, ఏముంది, తగిలితే ఎంత దెబ్బతింటుంది అన్నవి కూడా కలిసినప్పుడే ప్రమాద పటం అనాలి. జనం లేని యారాడ వాలు ఎంత ఎర్రగా ఉన్నా అక్కడ ప్రమాదం తక్కువ. పసుపు వాలు కింద నలభై ఇళ్లుంటే అక్కడే ఎక్కువ.

సమాధానం 9: సీతకొండ

శీర్షికలో ప్రమాదం అన్న మాట తీసేస్తున్నాను. గైడ్ గారితో మాట్లాడి పనిని రెండుగా విడగొట్టుకున్నాను. మొత్తం ప్రాంతానికి 30 మీటర్ల పటం ఉంటుంది, దాన్ని వివరంగా చూడాల్సిన కొండలను ఎంచుకోవడానికే వాడతాను. నౌకాదళ విమానాశ్రయం ఉన్న నగరంలో డ్రోన్‌కు అనుమతి దొరకడం కష్టం కనుక, ఎంచుకున్న రెండు కొండల మీద ఇల్లిల్లూ తిరిగి టేపుతో కోత ఎత్తు, ఫోన్ క్లైనోమీటర్‌తో కోత కోణం, శైథిల్యపు మందం, కాలువ ఉందా లేదా, గోడ రంధ్రాలు తెరిచి ఉన్నాయా అన్నవి ఒక్కో కోతకు ఒక్కో గీతగా నమోదు చేస్తాను. పిక్సెల్‌ను వదిలి కోతనే ప్రమాణంగా తీసుకుంటే మెట్లదారి గారి ఇరవై అడుగుల తేడా కనిపిస్తుందని ఆశ. ఆయన వీలుచూసుకుని ఒక ఆదివారం వెంట వస్తే మొదటి కోతను వారి వీధిలోనే కొలుస్తాను.

సమాధానం 10: మెట్లదారి

తప్పకుండా రండి. మా పైవరసలో ఒక కరెంటు స్తంభం పోయిన వానాకాలం నుంచి కొంచెం కిందికి ఒరిగి ఉంది, గోడ మొదట్లో నేల మీద చెయ్యి పట్టేంత బీట కూడా ఉంది. అక్కడి నుంచి మొదలుపెడదాం. అక్టోబరు వానలు పడకముందే వస్తే మెట్లు ఎక్కడం తేలిక.